ఎక్సర్‌సైజ్‌కు అంపైర్లను తయారుచేయడం ఎలా

సైనిక శిక్షణలో చేసే ఉత్తుత్తి పోరే ఎక్సర్‌సైజ్. దాన్ని పక్కనుండి చూసి రాసేవాడు, ఎవరికి దెబ్బ తగిలిందో తీర్పు చెప్పేవాడు అంపైర్. మంచి సిపాయి అయినంత మాత్రాన మంచి అంపైర్ కాలేడు. పదిహేను, ఇరవై ఏళ్లు సర్వీసు చేసి వచ్చిన హవల్దార్‌కు తప్పు కనపడగానే నోరు లేస్తుంది. పరేడ్ గ్రౌండ్‌లో ఆ అలవాటే పిల్లలను దారిలో పెడుతుంది. శాండ్ మోడల్ (ఇసుకతో కట్టిన నేల నమూనా) మీదో, గుట్టల్లోనో ఉత్తుత్తి పోరు నడుస్తున్నప్పుడు మాత్రం అదే అలవాటు ఎక్సర్‌సైజ్‌ను పాడుచేస్తుంది. సెక్షన్ కమాండర్ (పది మంది జట్టు నాయకుడు) ఆలోచించడం మానేసి అంపైర్ ముఖం చూడటం మొదలుపెడతాడు.

వరంగల్, హనుమకొండ, భూపాలపల్లి వైపు క్యాంపులు పెట్టేచోట ఎన్‌సీసీ ఏఎన్‌వోలకు (ఎన్‌సీసీ నడిపే కాలేజీ, బడి టీచర్లకు), పీఐ స్టాఫ్‌కు (సైన్యం నుంచి వచ్చిన శిక్షకులకు), రిటైరై వచ్చి శిక్షణలో సాయపడే మాజీ సైనికులకు అంపైరింగ్ నేర్పే పద్ధతి ఇది. నాలుగు రోజులు పడుతుంది. ఒక విడతకు ఎనిమిది మందికి మించి తీసుకోవద్దు. మించితే ఎవరి నోట్‌బుక్కూ నిదానంగా దిద్దలేం.

ఎవరు ఎక్కడ

30 మంది క్యాడెట్లుంటే పదేసి మందితో మూడు సెక్షన్లు అవుతాయి. సెక్షన్‌కు ఒక అంపైర్, శత్రువు పార్టీతో ఒకరు, కంట్రోల్‌లో వైర్‌లెస్ సెట్ దగ్గర ఒకరు, అందరి మీద డైరెక్టర్. మొత్తం ఆరుగురు. ఫస్ట్ ఎయిడ్, బండి, నీళ్లు చూసే మనిషి వీళ్లలో ఒకడు కాకూడదు, వేరుగా ఉండాలి. పత్తి నడుందాకా ఎదిగిన రోజుల్లోనూ, రాత్రి ఎక్సర్‌సైజ్‌లలోనూ సెక్షన్‌కు ఇద్దరు అంపైర్లు కావాలి. రైఫిల్ గ్రూప్ వెంట ఉన్నవాడికి చేను అవతల ఎల్‌ఎంజీ (లైట్ మెషీన్ గన్) గ్రూప్ ఏం చేస్తోందో కనపడదు. కనపడనిదాన్ని ఊహించి రాస్తాడు.

అంపైర్‌కు చేతికి తెల్ల పట్టీ, మెడలో విజిల్, జేబులో పట్టే నోట్‌బుక్, రెండు పెన్సిళ్లు. పెన్ను వద్దు, చెమటకు, వానకు ఇంకు పారుతుంది. మొదలుపెట్టే ముందు అందరి గడియారాలూ సెకన్లతో సహా కలపాలి. దీన్ని తేలిగ్గా తీసుకుంటే సాయంత్రం డీబ్రీఫ్‌లో (అయిపోయాక అందరూ కూర్చుని చేసే సమీక్షలో) ‘ముందు ఎవరు కాల్చారు’ అన్న ఒక్క ప్రశ్న తేలక అరగంట పోతుంది.

మొదటి రోజు: చూసింది రాయడం

మొదటి రోజంతా నోట్‌బుక్ పనే. పది నిమిషాల చిన్న డ్రిల్ చేయించండి: సెక్షన్ నడుస్తుంటే ముందు నుంచి కాల్పుల చప్పుడు వస్తుంది, వాళ్లు చాటు తీసుకుని ఎదురు కాల్పులు మొదలుపెడతారు. ఎనిమిది మందీ చూసి రాయాలి. పేజీలో నాలుగు గళ్లు: సమయం, చోటు, కనపడింది లేదా వినపడింది, కారణం. నాలుగో గడిని ఖాళీగా వదిలేయాలి. అది డీబ్రీఫ్‌లో క్యాడెట్ల నోటి నుంచి వచ్చాకే నిండుతుంది.

ఆ రోజు కొన్ని మాటలు నిషేధించండి: బాగా, సరిగ్గా, నిర్లక్ష్యంగా, భయపడి, ఆలస్యంగా. ఇవన్నీ తీర్పులు. ‘సెక్షన్ కమాండర్ ఆర్డర్ ఇవ్వడంలో ఆలస్యం చేశాడు’ అని రాస్తే కొట్టేయించి ఇలా రాయించాలి: ‘06:42:10 మొదటి చప్పుడు. 06:44:30 మొదటి ఆర్డర్. ఈలోగా కమాండర్ మూడుసార్లు వెనక్కి చూశాడు. ఎల్‌ఎంజీ నంబర్ 1 నిలబడే ఉన్నాడు.’ రెండు నిమిషాల ఇరవై సెకన్లు అన్న లెక్క ముందుంటే ఎవరూ వాదించరు. ‘ఆలస్యం’ అన్న మాట దగ్గరే వాదన మొదలవుతుంది.

తర్వాత ఎనిమిది నోట్‌బుక్కులూ పక్కపక్కన పెట్టి చదివించండి. ఒకే డ్రిల్‌ను ఎనిమిది రకాలుగా చూశారని వాళ్లకే తెలుస్తుంది. దాదాపు అందరూ కమాండర్‌నే చూస్తారు, చివరన నడిచేవాణ్ని ఎవరూ చూడరు. అందుకే రెండో డ్రిల్‌లో ఒక్కొక్కరికి ఒక్కో మనిషిని అప్పగించాలి: ఒకరు నంబర్ 1 స్కౌట్‌ను (అందరికన్నా ముందు నడిచేవాణ్ని), ఒకరు టూ ఐసీని (కమాండర్ తర్వాతివాణ్ని), ఒకరు ఎల్‌ఎంజీ నంబర్ 2ను (గన్ కాల్చే నంబర్ 1కు సాయపడేవాణ్ని). మూడో డ్రిల్‌లో మళ్లీ మొత్తం సెక్షన్. సాయంత్రానికి చూపు కమాండర్ నుంచి చివరి మనిషి దాకా పాకడం అలవాటవుతుంది.

రెండో రోజు: శాండ్ మోడల్, తీర్పు

మోడల్‌ను అంపైర్లే కట్టాలి. కట్టినవాడికే ఆ నేల గుర్తుంటుంది. 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు చాలు. ఒక అడుగుకు 250 మీటర్ల స్కేలు పెడితే 3 కిలోమీటర్లు, 2 కిలోమీటర్ల నేల వస్తుంది. మ్యాప్ మీది ఒక కిలోమీటర్ గ్రిడ్ మోడల్ మీద 4 అడుగులవుతుంది, ఆ లెక్కన దారాలు కట్టాలి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాప్‌లో అదే గ్రిడ్ 2 సెంటీమీటర్లు. అడుగున మూడంగుళాల మందం, పైన గుట్టలకు కొంత కలిపి సుమారు 35 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. ముందురోజు రాత్రే తడిపి టార్పాలిన్ కప్పండి. పొడి ఇసుక వాలు నిలవదు, తెల్లారేసరికి గుట్టలన్నీ కుప్పలవుతాయి. నీళ్లకు నీలం రంగు పొడి, చెట్లకు ఆకుపచ్చ రంగు కలిపిన రంపపు పొట్టు, రోడ్లకు ఇటుక పొడి, ఇళ్లకు అగ్గిపెట్టెలు. ఉత్తరం బాణం మరిచిపోతే ఆ మోడల్ మీద ఇచ్చిన ఆర్డర్లన్నీ తలకిందులవుతాయి.

ఎక్కువగా జరిగే పొరపాటు ఎత్తు దగ్గర. 60 మీటర్ల గుట్ట ఈ స్కేలులో మూడంగుళాలు కూడా ఉండదు. చూడటానికి చిన్నగా ఉందని రెండింతలు చేస్తారు, అంతవరకు పరవాలేదు. నాలుగైదింతలు చేస్తే మోడల్ అబద్ధం చెబుతుంది. నిజానికి గుట్ట మీదుగా కనపడే చోటు మోడల్‌లో చాటుగా కనిపిస్తుంది. అందుకే ‘కనపడుతుందా, లేదా’ అన్న తీర్పు మోడల్‌ను చూసి ఇవ్వొద్దు. మ్యాప్‌లో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) చూసి, రెండు చోట్ల మధ్య గీత గీసి తేల్చాలి. 1:50,000 షీట్‌లో కాంటూర్లు 20 మీటర్లకొకటి ఉంటాయి. గీతకు అడ్డంగా రెండు చివరల కంటే ఎత్తయిన కాంటూర్ వస్తే అవతలిది కనపడదు.

మన దగ్గర ఇంకోటుంది, చెరువు కట్ట. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న నేల ఇది. చదునైన చెల్కల్లో పదిహేను, ఇరవై అడుగుల కట్టే అన్నిటికన్నా ఎత్తయిన గీత. కాంటూర్ల మధ్య అది దొరకదు, విడిగా గీసిన గుర్తుగానే ఉంటుంది. కట్ట వెనక నడిచే సెక్షన్ ఎవరికీ కనపడదు, కట్ట మీద నడిచే సెక్షన్ ఊరందరికీ కనపడుతుంది. మోడల్‌లో కట్టను, మత్తడిని, తూమును తప్పకుండా పెట్టించండి. హనుమకొండ దగ్గరి ధర్మసాగర్ వైపు నేలలో మాటు వేయడానికి అనువైన చోట్లు సగం కట్టల చుట్టే ఉంటాయి.

మోడల్ సిద్ధమయ్యాక ట్యూట్ (దళాలను దింపకుండా ఎత్తుగడలు ఆలోచించే అభ్యాసం) పద్ధతిలోనే నడపండి. జనరల్ ఐడియా (మొత్తం పరిస్థితి) చదవాలి, స్పెషల్ ఐడియా (ఆ సెక్షన్ ముందున్న పరిస్థితి) ఇవ్వాలి, రిక్వైర్‌మెంట్ (ఇప్పుడేం చేస్తావన్న ప్రశ్న) అడగాలి. ఒకరు క్యాడెట్ పాత్రలో జవాబిస్తే మరొకరు అంపైర్‌గా నడుపుతారు. డీఎస్ (శిక్షణ నడిపేవాడు) దగ్గరుండే జవాబు పత్రాన్ని, అదే ‘పింక్’ను, చివరిదాకా మూసే ఉంచాలి. పింక్ చదివిన అంపైర్ దానికి దగ్గరగా ఉన్న జవాబును మెచ్చుకుని మిగతావి కొట్టేయడం తరచూ జరుగుతుంది. మూడు వేర్వేరు జవాబులు వచ్చేదాకా పింక్ తెరవొద్దన్న నియమం పెట్టుకుంటే ఈ జబ్బు తగ్గుతుంది.

తీర్పు సంగతి పాతది. ప్రష్యా సైన్యంలో లెఫ్టినెంట్ రైస్విట్జ్ 1824లో పాచికలతో, పట్టికలతో యుద్ధ క్రీడకు నియమాలు రాశాడు. పట్టికలు పెరిగి ఆట నత్తనడక అయ్యాక, 1876లో వెర్డీ దు వెర్నోయా వాటిని పక్కన పెట్టి అనుభవమున్న అంపైర్ మాటే తీర్పు అన్నాడు. కొత్త అంపైర్‌కు ఈ రెండూ కొంచెం కొంచెం కావాలి. పూర్తిగా అతని విచక్షణకు వదిలేస్తే తన కాలేజీ సెక్షన్‌లో ఎవరికీ దెబ్బ తగలదు.

ఈ చిన్న పట్టిక చాలు. శిక్షణ కోసం పెట్టుకున్నదే తప్ప ఆయుధాల లెక్క కాదు. ఒక పాచిక వేయాలి. బహిరంగంగా ఉన్న మనిషికి 100 మీటర్ల లోపు 3 లేదా ఆపైన పడితే దెబ్బ. 100 నుంచి 300 మీటర్లయితే 5 లేదా 6. అంతకు మించిన దూరమైతే 6 మాత్రమే. గుండు (పెద్ద బండరాయి) చాటునో, కట్ట చాటునో ఉంటే పడిన అంకెలోంచి 2 తీసేయాలి. కాల్చేది ఎల్‌ఎంజీ అయితే 1 కలపాలి. ఉదాహరణకు 200 మీటర్ల దూరంలో చాటున్నవాడి మీద ఎల్‌ఎంజీ కాల్పులు, పాచికలో 6 పడింది: 6లో 2 పోతే 4, ఒకటి కలిపితే 5, దెబ్బ తగిలింది. రైఫిల్ అయితే తగిలేది కాదు. చాటు విలువ, ఎల్‌ఎంజీ విలువ క్యాడెట్‌కు ఉపన్యాసం లేకుండానే తలకెక్కుతాయి.

తీర్పు 30 సెకన్లలో రావాలి, సిపాయికి పనికొచ్చే మాటల్లో రావాలి. ‘నువ్వు అవుట్’ కాదు. ‘నంబర్ 2 స్కౌట్‌కు ఎడమ కాలికి గాయం. నడవలేడు, మాట్లాడగలడు.’ అక్కడితో ఆపాలి. ఎందుకు తగిలిందో చెప్పొద్దు. ఇప్పుడు సెక్షన్ ముందు కొత్త సమస్య ఉంది, దాన్ని పరిష్కరించనివ్వాలి.

మూడో రోజు: గుట్టల్లో, నోరు మూసుకుని

నేల మీదికి వెళ్లడానికి రెండు రోజుల ముందే డైరెక్టర్, అంపైర్లు ఆ దారంతా నడవాలి. ఇక్కడ శత్రువు కంటే ప్రమాదమైనవి నాలుగున్నాయి. గోడలేని వ్యవసాయ బావులు. నీళ్లు నిండిన పాత గ్రానైట్ క్వారీ గుంతలు. బోరు మోటార్లకు నేల మీద లాగిన వైర్లు. అడవి పందుల కోసం చేన్ల చుట్టూ కట్టి దొంగచాటుగా కరెంటు పెట్టే తీగలు. నాలుగోది అన్నిటికన్నా చెడ్డది, పగలు మామూలు తీగలాగే ఉంటుంది. ఆ చేన్ల రైతులతో ముందే మాట్లాడాలి, తీగ ఉందా అని నేరుగా అడగాలి, ఉందంటే ఎక్సర్‌సైజ్ ఆ చేనుకు కనీసం 200 మీటర్ల దూరంలో పెట్టుకోవాలి. తీసేస్తామన్న మాట మీద ఆధారపడొద్దు. అన్నిటినీ అంపైర్ మ్యాప్ మీద ఎర్ర వలయాలుగా గుర్తించాలి. వలయానికి 50 మీటర్ల లోపు క్యాడెట్ వస్తే మూడు పొడుగు విజిళ్లు, అందరూ ఉన్నచోటే ఆగాలి. కాల్పుల చప్పుడుకు ఖాళీ డబ్బా మీద కర్ర దెబ్బలు చాలు. బ్లాంక్ రౌండ్లు దగ్గరనుంచి కాలిస్తే గాయం చేస్తాయి, అధికారిక అనుమతి లేకుండా వాటి జోలికి పోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో పని ఉదయం తొమ్మిదిన్నరకల్లా ముగియాలి.

ఇక అసలు పాఠం. అంపైర్ సెక్షన్‌కు పది, పదిహేను మీటర్ల వెనక, ఒక పక్కగా నడవాలి. ముందు నడవొద్దు, ఎత్తయిన బండ ఎక్కొద్దు, స్కౌట్ ఆగితే ఆగాలి, వంగితే వంగాలి. నిటారుగా నిలబడ్డ తెల్ల పట్టీ అవతల మాటు వేసినవాళ్లకు సెక్షన్ ఎక్కడుందో చెప్పేస్తుంది.

దానికంటే సూక్ష్మమైనది చూపు. మాటు ఎక్కడుందో అంపైర్‌కు తెలుసు. ఆ చోటు దగ్గరపడేకొద్దీ అతని నడక నెమ్మదిస్తుంది. గడియారం చూసుకుంటాడు. అప్పటిదాకా జేబులో ఉన్న నోట్‌బుక్ చేతికొస్తుంది. కళ్లు ఒక్కసారి ఒర్రె పక్కనున్న గుండ్ల మీదికి పోయి వస్తాయి. కమాండర్ చురుకైనవాడైతే గుండ్లను కాదు, ఆ కళ్లనే చదివి చేయెత్తి సెక్షన్‌ను ఆపుతాడు. పైకి అద్భుతంగా కనిపిస్తుంది. నిజానికి అతను నేర్చుకున్నది అంపైర్‌ను చదవడం.

దీనికి డ్రిల్ ఉంది. సెక్షన్‌లో ఒక క్యాడెట్‌ను పక్కకు పిలిచి ‘నేల చూడకు, అంపైర్ సారును మాత్రమే చూడు, మాటు దగ్గరైంది అనిపించగానే చెయ్యెత్తు’ అని చెప్పండి. కొత్త అంపైర్లు దాదాపు అందరూ దొరికిపోతారు. మూడుసార్లు నడిపించి, ప్రతిసారి ఏది పట్టించిందో ఆ క్యాడెట్‌నే చెప్పమనండి. మందు సులువైనదే: నోట్‌బుక్ మొదటి నుంచి చేతిలో తెరిచే ఉండాలి, ఏమీ జరగకపోయినా మూడు నిమిషాలకోసారి ఏదో ఒకటి రాయాలి, గడియారం కూడా అలాగే చూడాలి. అప్పుడు మాటు దగ్గర రాసినా అది కొత్తగా కనపడదు.

నోరు తెరవడానికి నాలుగే సందర్భాలు: ప్రమాదం, ఇంజెక్ట్ (ముందే రాసుకుని మధ్యలో ఇచ్చే కొత్త పరిస్థితి), తీర్పు, నిజంగా అక్కడుంటే కంటికి కనపడే విషయం గురించి క్యాడెట్ అడిగిన ప్రశ్న. ‘వాగులో నీళ్లెంత ఉన్నట్టు లెక్క సార్?’ అంటే ‘మోకాలి లోతు, పారుతోంది’ అని చెప్పొచ్చు. కానీ ఇలాంటివి వస్తాయి:

‘సార్, ఒర్రెల నుంచి పోవాల్నా, కట్ట మీద నుంచి పోవాల్నా?’

‘కట్ట మీద పోతే కనపడవా బిడ్డా?’

ఇది ప్రశ్నలా ఉంది, నిజానికి జవాబు. ఎక్సర్‌సైజ్ అక్కడే చచ్చిపోయింది. అనాల్సింది: ‘నిర్ణయం నీది తమ్మీ. టైం 06:20.’ ఆప్యాయత పోనక్కర్లేదు, సాయం మాత్రం పోవాలి. ఈ తేడా పెద్ద వయసు మాజీ సైనికులకు చాలా కష్టంగా ఉంటుంది. పిల్లలు తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం వాళ్లకు బాధ్యత వదిలేసినట్టు అనిపిస్తుంది. ఆ తప్పు ఫలితం ఇంకో పది నిమిషాల్లో క్యాడెట్‌కే అనుభవమవుతుందని, ఆ అనుభవం కోసమే ఇంతమందిని ఇక్కడికి తెచ్చామని వాళ్లకు ఓపిగ్గా చెప్పాలి.

ఇంజెక్ట్‌ల చీటీ

గంటన్నర ఎక్సర్‌సైజ్‌కు ఐదారు ఇంజెక్ట్‌లు చాలు. ఎక్కువైతే పిల్లలు నేలను వదిలి చీటీల కోసం ఎదురుచూస్తారు. ప్రతి దానికీ ఒక వరుస రాసుకోవాలి: నంబర్, ఎప్పుడు, ఎవరికి, ఎలా అందాలి, అచ్చంగా ఏ మాటలు, ఏం చేస్తారనుకుంటున్నాం, ఏమీ చేయకపోతే తర్వాత ఏమిటి. చివరి గడిని చాలామంది వదిలేస్తారు. అప్పుడు సెక్షన్ స్పందించకపోతే అంపైర్ కంగారుపడి తానే దారి చూపిస్తాడు.

‘ఎప్పుడు’ అన్నచోట గడియారం సమయం పెట్టొద్దు, ఘటన పెట్టాలి. ‘06:30కి వాగు పొంగింది’ అని రాస్తే, సెక్షన్ వెనకబడిన రోజున వాళ్లు వాగు చూడకముందే అది పొంగిపోతుంది. ‘చివరి మనిషి వాగు దాటి వంద మీటర్లు నడిచాక’ అని రాస్తే ఎప్పుడొచ్చినా సరిగ్గా కుదురుతుంది, వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఈ ఇంజెక్ట్ కల్పన కాదు. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచినప్పుడు ఊరి జనం మేడలెక్కాల్సి వచ్చింది. పైన ఎక్కడో కురిసిన వాన కింద వాగును ఎంత తొందరగా మారుస్తుందో ఇక్కడి పిల్లలకు తెలుసు, అందుకే నమ్మి ఆడతారు.

నాలుగో రోజు: డీబ్రీఫ్, పరీక్ష

ఎక్సర్‌సైజ్ ముగిసిన అరగంటలోపే డీబ్రీఫ్ మొదలవ్వాలి. నీళ్లు తాగించి, నీడలో, వీలైతే మోడల్ చుట్టూ అర్ధవలయంగా కూర్చోబెట్టండి. అంపైర్ కుర్చీలో, పిల్లలు కింద అయితే అది క్లాసు అయిపోతుంది. గంటన్నర పనికి 45 నిమిషాలు. అందులో అంపైర్ మాట పావు వంతుకు మించొద్దు.

వరుస ఇది: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, కారణమేమిటి, మళ్లీ చేస్తే ఏం మారుస్తాం. రెండో ప్రశ్నకు నోట్‌బుక్ నుంచి సమయాలు మాత్రం చదవాలి, వ్యాఖ్య లేకుండా. మాట్లాడించేటప్పుడు నంబర్ 1 స్కౌట్‌తో మొదలుపెట్టి సెక్షన్ కమాండర్‌తో ముగించాలి. కమాండర్ ముందు మాట్లాడితే మిగతా తొమ్మిది మందీ ‘అదే సార్’ అంటారు.

‘ఎందుకు’ అన్న మాట దగ్గర జాగ్రత్త. మన ఇళ్లల్లో, బళ్లల్లో ‘ఎందుకు చేసినవ్?’ అంటే అది ప్రశ్న కాదు, తిట్టు. పిల్లవాడు తల దించుకుంటాడు, లేదా సాకు వెతుక్కుంటాడు. కారణం కావాలంటే ‘అప్పుడు నీకేం కనపడ్డది?’, ‘ఏం వినపడ్డది?’, ‘ఇంకేం చెయ్యొచ్చు అనుకున్నవ్?’ అని అడగాలి. రెండు నిమిషాల ఇరవై సెకన్ల మౌనానికి కారణం తరచూ భయం కాదు. స్కౌట్ చేసిన సైగ గుండు అడ్డమై కమాండర్‌కు కనపడి ఉండదు. అది బయటపడితే సరిదిద్దాల్సింది కమాండర్‌ను కాదు, స్కౌట్‌కూ అతనికీ మధ్య దూరాన్ని. నోట్‌బుక్‌లో ఖాళీగా వదిలిన నాలుగో గడి ఇప్పుడు నిండుతుంది.

నిలుపుకోవాల్సినవి రెండు, మార్చాల్సింది ఒకటి తేలితే చాలు. పదిహేను తప్పుల జాబితా చదివితే ఒక్కటీ గుర్తుండదు. ఒక్కడికే సంబంధించిన తప్పును తర్వాత పక్కకు పిలిచి చెప్పాలి. వీలైతే అదే రోజు మొదటి ఇరవై నిమిషాల భాగాన్ని మళ్లీ చేయించాలి. మార్పు కాళ్లల్లోకి వచ్చిందో లేదో అప్పుడే తెలుస్తుంది.

లేజర్ గేర్‌తోనో, కంప్యూటర్ సిమ్యులేటర్‌తోనో నడిపినా ఇదే వర్తిస్తుంది. ఎవరు ఎప్పుడు ఎవరిని కాల్చారో యంత్రం సెకన్లతో సహా చూపిస్తుంది. కమాండర్ అప్పుడు ఏమనుకున్నాడో దానికి తెలియదు. రీప్లేను పూర్తిగా చూపించొద్దు, రెండుచోట్ల ఆపి అడగడానికి వాడండి.

అంపైర్లకూ పరీక్ష ఉంటుంది. చివరి ఎక్సర్‌సైజ్‌లో పది చిన్న ఘటనలు రహస్యంగా నాటండి: చివరి క్యాడెట్ వాటర్ బాటిల్ వదిలేసి వస్తాడు, ఒకడు సందేశాన్ని మార్చి చెబుతాడు, ఎల్‌ఎంజీ నంబర్ 2 తప్పు పక్కన కూర్చుంటాడు. అలా పది. ఏడింటిని, నిమిషానికి మించి తేడా లేకుండా, తీర్పు మాట లేకుండా రాసినవాడు పాసు. పక్కన నడిచే సీనియర్ ఆ అంపైర్ ఎన్నిసార్లు మాట్లాడాడో, అందులో ఆ నాలుగు సందర్భాల్లో చేరనివి ఎన్నో లెక్కపెడతాడు. చేరనివి రెండు దాటితే మూడో రోజు డ్రిల్ మళ్లీ చేయించాలి.

నోట్‌బుక్కులను ఆ సాయంత్రమే, ఉన్నవి ఉన్నట్టుగా తీసుకోండి. ఫెయిర్ కాపీ రాసుకొస్తామని ఇంటికి తీసుకెళ్తే డీబ్రీఫ్‌లో విన్నవి కూడా చూసినవాటిలో కలిసిపోతాయి. పేజీల నంబర్లు, సంతకం, తేదీ చూసుకుని కవరులో పెట్టి సీలు వేయాలి. తర్వాత మోడల్ ఇసుక పోగుచేయాలి, బావుల చుట్టూ కట్టిన రిబ్బన్లు విప్పాలి, చేన్ల రైతులను కలిసి తొక్కిన పత్తి మొక్కల లెక్క తేల్చాలి.